ప్రేమాభిమానాలచే ఇచ్చిన పైకం

పదకొండో వారం

పోయిన వారం జలంధర్‌ని దోహా శివారు ముఐథర్‌లో కృష్ణప్రసాద్ గారి గేటు ముందు, మే నెల ఎండలో, కాళ్ళకు చెప్పులు లేకుండా నిలబెట్టి వదిలేశాం. పాపం, అతను ఇంకా అక్కడే ఉన్నాడు. బెల్లు నొక్కడానికి లేపిన వేలు లేపినట్టే ఉంది.

మధ్యలో ఒక వారం తప్పిపోయినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను. జలంధర్‌ది జగిత్యాల దగ్గర పల్లె. ఖతర్ వచ్చి పాతికేళ్ళు, ఇప్పుడు ఫోర్‌మన్. కూతురు పుష్ప దోహాలోనే ఒక క్లినిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్. రెండేళ్ళ కిందట కార్మికుల క్యాంపులో ప్రతి ఫోనులోనూ ఒక పుకారు తిరిగింది. వారసత్వ పన్ను వస్తోందట, మనిషి పోతే సంపాదనలో సగం సర్కారుకే పోతుందట. ఆ మాట పట్టుకుని జలంధర్ బతికుండగానే ముప్పై రెండు లక్షలు పుష్ప ఖాతాలో వేసేశాడు. వస్తుందన్న పన్ను రాలేదు కానీ పన్నుల ఆఫీసు నుంచి పుష్పకు నోటీసు వచ్చింది. ఇంత డబ్బు ఎవరిచ్చారు, ఇచ్చినవాళ్ళు నీకేమవుతారు అని అడిగారు. అడిగింది చిన్న ప్రశ్నే. దాని జవాబు జలంధర్‌కూ, ఊళ్ళో ఉన్న భార్య చిన్నవ్వకూ తప్ప ఎవరికీ తెలియదు. పుష్ప వాళ్ళకు పుట్టిన పిల్ల కాదు.

బెల్లు నొక్కే అవసరం రాలేదు. నోటీసు కాగితాలతో ముందే వచ్చిన పుష్పే తలుపు తీసింది.

"గేటు కాడ నిలబడి ఏం సూస్తున్నవ్ బాపూ? కాళ్ళు కాలుతలేవా?"

"ఇప్పుడే అచ్చిన బిడ్డా."

అతను వచ్చి పావుగంట దాటింది. మెడలో కొండగట్టు అంజన్న మాల వేసుకుని ఇవాళ్టికి ముప్పై మూడు రోజులు. వచ్చే గురువారం ఉద్యోగానికి సలాం కొట్టి ఇంటికి పోయి, పెద్ద హనుమాన్ జయంతి నాడు కొండ మీద మాల తీయాలి. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం, ఒంటిపూట భోజనం, నేల మీద పడక, డ్యూటీ వేళ తప్ప కాళ్ళకు చెప్పులు లేవు. నియమాలన్నీ వంక పెట్టడానికి లేకుండా చేస్తున్నాడు, అబద్ధం ఆడకూడదన్నది ఒక్కటి తప్ప.

గుమ్మంలోకి అడుగు పెట్టేసరికి భానుమతి చెంబుతో నీళ్ళు తెచ్చింది. కృష్ణప్రసాద్ గారి భార్య ఆవిడ. గుడివాడ మనిషి, మాట మెత్తన, చేయి చురుకు.

"రండి స్వామీ. కాళ్ళు కడుగుతాను."

అతను వద్దనేలోపే పాదాల మీద నీళ్ళు పోసి, వంగి కళ్ళకద్దుకోబోయింది. జలంధర్ వెనక్కి జరిగిన వేగానికి చెప్పుల స్టాండు కదిలి రెండు జోళ్ళు కింద పడ్డాయి.

"నాకద్దు తల్లీ. నేను గంతటోణ్ని కాదు."

"మీక్కాదు లెండి, మాలకి," అని భానుమతి నవ్వి దండం పెట్టేసింది.

మెడలో మాల పడితే మనిషి మారినా మారకపోయినా పిలుపు మారిపోతుంది. పన్నెండేళ్ళుగా "ఏమయ్యా జలంధర్" అంటూ వచ్చిన కృష్ణప్రసాద్ గారు, కంపెనీలో అకౌంట్స్ మేనేజర్ అంతటివారు, ముప్పై మూడు రోజులుగా "స్వామీ, మీరు" అంటున్నారు. మామూలప్పుడైతే జలంధర్‌కి అది గర్వంగానే ఉండేది. ఇవాళ అరువు తెచ్చుకున్న చొక్కాలా ఒంటికి గుచ్చుకుంటోంది.

హాల్లో సోఫా పక్కన అతని కోసం కొత్త చాప పరిచారు. బల్ల మీద నోటీసు, పుష్ప పదో తరగతి మెమో, పాస్‌పోర్టు, టైపు చేసిన కాగితం ఒకటి, దాని మీద ఒక పెన్ను వరసగా ఉన్నాయి. జలంధర్ కళ్ళు మిగతావన్నీ దాటి పెన్ను దగ్గర ఆగాయి.

"ముందు భయం మానెయ్యండి స్వామీ," అన్నారు కృష్ణప్రసాద్ గారు కళ్ళజోడు సర్దుకుంటూ. "రూలు చాలా తేలిక. తల్లిదండ్రులు పిల్లలకి ఎంతిచ్చినా పన్ను లేదు. పిల్లలు ఎంత పెద్దవాళ్ళైనా సరే, ఉద్యోగం చేసుకుంటున్నా సరే. వారసత్వ పన్ను అనేది మన దేశంలో ఒకప్పుడు ఉండేది, ఎత్తేసి నలభై ఏళ్ళయింది. మళ్ళీ వస్తుందన్నది ఉత్త పుకారు. మీకు ఏషియన్ టౌన్‌లో ఆ రోజే చెప్పాను కదా, తొందరపడొద్దని."

చెప్పిన మాట నిజమే. క్రికెట్ మైదానం పక్కన, చాయ్ కప్పు చేత్తో పట్టుకుని, పుకార్లు నమ్మకయ్యా అన్నారు. అయినా ఇవ్వాలనుకుంటే నిక్షేపంగా ఇచ్చుకో, పిల్లలకిస్తే పైసా పన్ను పడదు అని కూడా అన్నారు. ఆ మాటల్లో జలంధర్ చెవికెక్కింది చివరి సగమే. అతనికి కావలసింది కూడా అదే. అందరూ పుకారుకు భయపడి ఇచ్చాడనుకున్నారు. ఇరవై నాలుగేళ్ళుగా ఇవ్వాలనుకుంటూ, ఎందుకిస్తున్నావని ఎవరైనా అడుగుతారేమోనని ఆగిపోయినవాడికి, ఆ పుకారు దేవుడిచ్చిన సాకు.

"మరి తండ్రి ఇస్తే పన్ను లేనప్పుడు నోటీసు ఎందుకచ్చినట్టు సార్?" అని పుష్ప అడిగింది.

"బ్యాంకులో ఒకేసారి పెద్ద మొత్తం పడితే వాళ్ళకి కనబడుతుందమ్మా. ఎవరిచ్చారో వాళ్ళకేం తెలుసు? బయటివాళ్ళెవరైనా ఏడాదిలో యాభై వేలు మించి ఇస్తే, ఆ మొత్తమంతా నీ ఆదాయం కిందే లెక్క. మూడో వంతు దాకా పోతుంది, పైన వడ్డీ, జరిమానా. అందుకే ఇచ్చింది మా నాన్నే అని కాగితం పెడతాం, పని అయిపోద్ది. మా విశాల్‌కి ఫ్లాటుకి డబ్బిచ్చినప్పుడు రాసిందే ఇది. ప్రతిమకిచ్చినప్పుడూ ఇదే. పేర్లు మార్చానంతే."

సొంత పిల్లలున్న మనిషికి ఎంత సులువు. ఒక పేరు కొట్టేసి ఇంకో పేరు పెడితే చాలు.

"వినండి, చదువుతాను. 'నా స్వంత కుమార్తె అయిన పుష్పకు, ఆమెపై గల ప్రేమాభిమానాలచే, ఎట్టి ప్రతిఫలమూ పొందకుండా, నా స్వార్జితము నుండి ముప్పది రెండు లక్షల రూపాయల పైకము ఇచ్చియున్నాను. ఇది నా ప్రమాణపూర్వక ప్రకటన.' అంతే. కింద మీ సంతకం. సోమవారంలోపు పంపిస్తే ఫైలు మూసేస్తారు."

దొంగకు తేలు కుట్టినట్టయింది జలంధర్ పని. స్వంత కుమార్తె కాదు. స్వార్జితం పూర్తిగా కాదు. ప్రతిఫలం పొందకుండా అన్నది అసలే కాదు. కాగితం మొత్తంలో నిజమైనది ప్రేమాభిమానాలన్న మాట ఒక్కటే. ఇన్ని అబద్ధాల మధ్య చదివేసరికి అది కూడా అబద్ధంలాగే వినిపించింది.

పుష్ప తను పెట్టాల్సిన చోట సంతకం చకచకా పెట్టేసింది. భానుమతి తెచ్చిన మజ్జిగ గ్లాసు అందుకుని, ఫోనులో ఒక ఫోటో తెరిచి ఆవిడకు చూపించింది.

"ఇగో ఆంటీ, మా ఇల్లు. నాకు రెండేండ్లప్పుడు స్లాబు పడ్డది. మా ఊర్ల అదే మొదటి స్లాబు ఇల్లు. బాపు ఈడ ఎండల కాలితేనే మాకు ఆడ నీడ అయింది. ఇగ ఈ పైసలతోని మెట్‌పల్లిల ల్యాబుకు జాగ తీసుకున్న, మిషన్లకు అడ్వాన్సు కట్టిన. పన్ను పడితె అది అమ్ముడే."

"అదృష్టవంతురాలివి," అంది భానుమతి.

జలంధర్ తల దించుకున్నాడు. ఆ ఇంటి మాట వచ్చినప్పుడల్లా అతను తల దించుకుంటాడు. పుష్ప ఇన్నేళ్ళూ దాన్ని వినయమనుకుంది.

"సంతకం, స్వామీ," అని కృష్ణప్రసాద్ గారు పెన్ను అందించారు.

జలంధర్ పెన్ను తీసుకున్నాడు, మూత తీశాడు, మళ్ళీ పెట్టాడు.

"సార్, స్వంత అన్న మాట తీసేస్తె నడవదా?"

"ఆ మాట ఉంటేనే నడుస్తుంది. ఎందుకు తీయడం?"

"ఉత్తగనే అడిగిన సార్. మా రూముల నగేష్ లేడా, వానికి గిసొంటి కతనే ఉన్నది. పెంచుకున్న పిల్లకు పైసలియ్యాలె అంటున్నడు. దానికెట్ల?"

"చట్టప్రకారం దత్తత తీసుకున్నాడా?"

"కాయిదాలు లేవు సార్. ఎత్తుకచ్చి సాదుకున్నడు."

"అలాగైతే చట్టానికి ఆ పిల్ల బయటి మనిషే. కన్నకూతురు కంటే ఎక్కువగా పెంచినా సరే, పన్ను పూర్తిగా కట్టాల్సిందే. పాపం అనిపిస్తుంది కానీ రూలు రూలే."

జలంధర్ ఊరుకుంటే బాగుండేది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఇంకో ప్రశ్న అడిగాడు.

"ఆ పిల్ల తండ్రి చచ్చిపోయిండనుకోండ్రి సార్. ఆయన పైసలు పిల్ల కోసమని నగేష్ చేతికచ్చినయ్. ఇన్నేండ్లకు తిరిగి పిల్లకే ఇచ్చిండు. దానికి గూడ పన్నేనా?"

కృష్ణప్రసాద్ గారు కళ్ళజోడు తీశారు. లెక్కల మనిషికి చిక్కుముడి కనబడితే ఉత్సాహం వస్తుంది. "అది వేరు. అది ఇవ్వడం కాదు కదా, ఎవరి డబ్బు వాళ్ళకి తిరిగి చేర్చడం. తండ్రి తరఫున వచ్చింది పిల్లకి వారసత్వం, వారసత్వానికి మన దగ్గర ఇప్పుడు పన్ను లేదు. కాకపోతే ఎవరి డబ్బు, ఎప్పుడొచ్చింది, ఇన్నాళ్ళూ ఎక్కడుంది అని రుజువులతో రాసివ్వాలి. నగేష్‌ని నా దగ్గరికి పంపండి, నేను మాట్లాడతాను."

"బాపూ," అంది పుష్ప.

ఆమె చేతిలో మజ్జిగ గ్లాసు అలాగే ఉంది.

"నగేష్ అన్నకు ఇంకా పెండ్లే కాలే. పిల్ల దొర్కుతలేదని పోయిన శుక్రవారమే నా తోని మొత్తుకున్నడు. ఆయన ఎవల్ని సాదిండు?"

భానుమతి నవ్వబోయి, జలంధర్ ముఖం చూసి ఆగింది. మంచి సాకు వెతుక్కోవడానికి అతనికి పోయిన వారమంతా ఉంది. తీరా వెతికితే దొరికింది బ్రహ్మచారి నగేష్. ఇలాంటి పనుల్లో అలవాటు లేనివాడి తెలివి అంతవరకే పారుతుంది.

"నగేష్‌ది కాదు," అన్నాడు జలంధర్. "నాదే."

కృష్ణప్రసాద్ గారు చప్పున తలుపు వైపు చూశారు, ఎవరైనా వింటున్నారేమో అన్నట్టు. తర్వాత గొంతు తగ్గించారు. "స్వామీ, నిదానం. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుద్ది. మెమోలో, ఆధార్‌లో, పాస్‌పోర్టులో అన్నిచోట్లా తండ్రి పేరు మీదే. ఈ కాగితం మీద సంతకం పెట్టేస్తే అడిగే నాథుడు లేడు. నేను ఇప్పటిదాకా ఏమీ వినలేదనుకుంటాను."

"చెప్పనియ్యండి సార్," అంది పుష్ప. గ్లాసు బల్ల మీద పెట్టి, సోఫా దిగి, చాప అంచున తండ్రి ఎదురుగా కూర్చుంది.

జలంధర్ ఆమె ముఖం చూడలేదు, చాప పోగుల వైపు చూస్తూ చెప్పాడు.

"నీ కన్నతండ్రి పేరు చిరంజీవి. నిర్మల్ దిక్కు మనిషి. నేను, ఆయన ఒక్క విమానంలనే ఈడికి అచ్చినం. రూముల పై మంచం ఆయనది, కింద మంచం నాది. మీ అమ్మ సునంద. నిన్ను కని మూడో దినం పోయింది. నీకు ఎనిమిది నెలలున్నప్పుడు దుఖాన్‌ల మా కంపెనీ సైటుల పైపుల గుంత కూలింది. చిరంజీవి అండ్లనే ఉన్నడు. మీ నాయనమ్మకు కండ్లు కనబడకపోతుండె. మాకు పిల్లలు లేకుండిరి. మా ఇంటిది, నీ అవ్వ, పోయి నిన్ను ఎత్తుకచ్చుకున్నది. ఏడాది తల్లిగారింట్ల ఉండి, నిన్ను సంకనేసుకోని ఊర్లెకు అచ్చింది. అందరు ఆమె కన్నదనే అనుకున్నరు."

పుష్ప రోజూ ఎవరెవరి రక్తమో చిన్న చిన్న గొట్టాల్లో పోసి, ఎవరిది ఏమిటో చీటీలు అంటించే పని చేస్తుంది. తన చీటీ తప్పని ఇవాళ ఒకరు చెబుతున్నారు. కళ్ళు నిండాయి కానీ నీళ్ళు కిందికి జారనివ్వలేదు.

"నా రక్తం గ్రూపు మీ ఇద్దరి గ్రూపులకు పొసగకపోతె, సూది పట్టుడు నేర్చుకునేటప్పుడు మెషిన్ తప్పనుకున్న," అంది చివరికి. తర్వాత, జలంధర్ ఊహించనిది చేసింది. అతని చేయి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "గీ ముచ్చటకా బాపూ నువ్వు గింత నలిగింది? సాదుకున్నవ్ గదా. సదివించినవ్. నాకు ఇల్లు కట్టినవ్. రాయకు ఆ అబద్ధం, మాల మీద ఉన్నవ్. ల్యాబు జాగ అమ్మి పన్ను కడుత. నా బాపువి నువ్వే."

తిట్టినా ఓర్చుకునేవాడు. ఈ మాట మాత్రం అతని వల్ల కాలేదు. చిన్న తప్పుకే ఇంత పెద్ద క్షమాపణ ఇచ్చేస్తే, పెద్దది చెప్పేసరికి ఇవ్వడానికి ఆమె దగ్గర ఇంకేం మిగులుతుంది? చేయి వెనక్కి తీసుకోబోయాడు. ఆమె వదల్లేదు.

"ఆగు బిడ్డా. అయిపోలే."

"ఇంకేమున్నది?"

"చిరంజీవి పానానికి కంపెనీ పైసలు కట్టింది. నీ పేరు మీద. పిల్ల పెద్దగయ్యేదాక నీ దగ్గర ఉంచు, నువ్వే దగ్గరోనివి అని నా చేతికిచ్చిండ్రు. తొమ్మిది లచ్చలు. గప్పుడు తొమ్మిది లచ్చలంటే..." అతను ఆ లెక్క అక్కడే వదిలేశాడు. "వీసాకు తెచ్చిన అప్పుకు మిత్తి పెరుగుతుండె. షావుకారు మీ అవ్వను బజార్ల నిలబెట్టిండు. అప్పు కట్టిన. మిగిలినయ్ ఇంటికి పెట్టిన."

"ఏ ఇంటికి?"

జలంధర్ బల్ల మీద ఉన్న ఆమె ఫోను వైపు చూశాడు. తెర ఇంకా ఆరలేదు. స్లాబు ఇల్లు, ముందు గులాబీ రంగు వేసిన గోడ, గడప మీద కూర్చున్న చిన్నవ్వ అందులో కనిపిస్తున్నారు.

"అదే ఇల్లు," అన్నాడు.

పుష్ప చేతులు మెల్లగా వదులయ్యాయి. విదిలించి లాక్కోలేదు, ఒళ్ళో పెట్టుకుందంతే. ఎండలో కాలి తండ్రి కట్టిన ఇల్లు అని బళ్ళో చెప్పింది, కాలేజీలో చెప్పింది, పావుగంట కింద ఈ హాల్లోనే చెప్పింది. ఇరవై నాలుగేళ్ళు తన సొమ్ముతో తనకే నీడ పెట్టి, ఆ నీడకు ఆమె చేత దండాలు పెట్టించుకున్నాడు. ఆమె అలా అనలేదు. జలంధర్ తనలో తనే అనుకున్నాడు.

"అందుకే ముప్పై రెండు లచ్చలు నీకే ఏసిన," అన్నాడు. "మిత్తితోని సహ తీరుతదనుకున్న."

"తీరిందా?" అని అడిగింది పుష్ప. నిష్ఠూరంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది.

అతను తల అడ్డంగా ఊపాడు.

ఫోను మోగింది. గులాబీ రంగు గోడ పోయి, తెర మీద అవ్వ అన్న పేరు వచ్చింది. శుక్రవారం ఈ వేళకు చిన్నవ్వ తప్పకుండా చేస్తుంది. దుబాయ్‌ల ఎండలు ఎట్లున్నయ్ బిడ్డా అని మొదలుపెడుతుంది. ఇది దుబాయ్ కాదవ్వా అని వంద సార్లు చెప్పినా ఆమెకు గల్ఫంతా దుబాయే. పుష్ప ఫోను వైపు చూస్తూ కూర్చుంది. అది మోగి మోగి దానంతట అదే ఆగిపోయింది. పుష్ప తల్లి ఫోను ఎత్తకపోవడం జలంధర్ చూడటం ఇదే మొదటిసారి.

కృష్ణప్రసాద్ గారు అప్పటిదాకా నేల చూపులు చూస్తున్నారు. ఆయనకూ ఎక్కడో గుచ్చుకుంటోంది. రూలు చెప్పిన నోటితో, ఇచ్చేది ఎవరి డబ్బయ్యా అని ఆ రోజు ఒక్క ముక్క అడగలేదు. పక్కవాళ్ళ కన్నీళ్ళకు ఏం చేయాలో ఆయనకు చేతకాదు. కాగితాల సంగతైతే చేతనవును. కాబట్టి ఆయన అటే పోయారు.

"అమ్మా పుష్పా, ఇప్పుడు చెప్పొచ్చో లేదో నాకు తెలీదు. కానీ చెప్పాలి. స్వామి చెప్పింది నిజమైతే నువ్వు ల్యాబు అమ్మక్కర్లేదు. ఆ డబ్బులో నీ తండ్రి తాలూకు సొమ్ము ఎంతో, దాని మీద పెరిగిందెంతో, ఈయన తనది కలిపింది ఎంతో ఆడిటర్‌తో తేల్చుకోవాలి, అది వేరే మాట. ముందు ఆ పరిహారం నీ పేరు మీద వచ్చిందనడానికి ఒక్క రుజువు కావాలి. ఆ రసీదు ఉంటే సగం గండం గట్టెక్కినట్టే."

"రసీదు ఎక్కడ దొర్కుతది సార్?"

"ప్రాణం పోయిన కేసుల ఫైళ్ళు కంపెనీ పారెయ్యదు. దుఖాన్‌లో మన పాత సైట్ ఆఫీసు ఉంది, ఇప్పుడు రికార్డుల గది. తాళం నా దగ్గరే ఉంటుంది. ఫైలు అట్ట మీద పేరు ఉంటుంది, చిరంజీవి అని. రసీదు, పోలీసు కాగితం, ఆ రోజు డ్యూటీ లిస్టు, అన్నీ ఒకే దారంతో కుట్టి పెడతారు. ఆదివారం వెళ్ళి తెస్తాను."

డ్యూటీ లిస్టు అన్న మాట వినగానే జలంధర్ చేయి మాల మీదికి పోయింది.

ఆ రోజుల్లో సైటులో తెలుగోళ్ళందరిలో ఏడో తరగతి చదివింది అతనొక్కడే. రేపు ఎవరు ఎక్కడ దిగాలో ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని లిస్టు రాసేది అతనే. ఆ గుంతలో దిగాల్సింది జలంధర్. ముందు రోజు సాయంత్రం గుంత గోడకు బెత్తెడు పగులు చూశాడు. ఇంజనీరుకు చెబితే పని ఆపినందుకు జీతం కోస్తారని భయపడ్డాడు. చెప్పకపోతే ప్రాణభయం. రూముకొచ్చి, లిస్టులో తన పేరు కొట్టేసి, పైన చిరంజీవి అని రాశాడు. పై మంచం మీద చిరంజీవి పాప ఫోటో చూసుకుంటూ పాట పాడుకుంటున్నాడు. ఆ గోడ కూలుతుందని నేననుకోలేదు అని జలంధర్ ఇరవై నాలుగేళ్ళుగా తనకు తాను చెప్పుకుంటూనే ఉన్నాడు. అలా అనుకోకపోతే పేరు ఎందుకు కొట్టేశావని లోపలి మనిషి అడుగుతూనే ఉన్నాడు.

ఆ కొట్టివేత ఇంకా ఉంది. రసీదుతో కలిపి, ఒకే దారంతో.

బల్ల మీద టైపు చేసిన కాగితం అలాగే ఉంది. సంతకం ఒక్కటే తక్కువ. ఆ సంతకం పడితే రసీదు అక్కర్లేదు, ఫైలు అక్కర్లేదు, దుఖాన్ అక్కర్లేదు. స్వంత కుమార్తె, ప్రేమాభిమానాలు, ప్రమాణపూర్వకం, అంతా సోమవారంలోపు సర్దుకుపోతుంది. జలంధర్ చేయి మాల మీద నుంచి జారి, అతనికి తెలియకుండానే పెన్ను దాకా పోయింది.

"ఇగ అన్నీ ఎందుకు సార్," అన్నాడు. "ఈ కాయిదం మీదనే పెడుత సంతకం. పిల్లకు తిప్పలుండది."

అన్న వెంటనే తెలిసింది, అనకూడని మాట అనేశానని.

పుష్ప అతని చేతిని చూసింది. మాల మీద ఉండి అబద్ధం రాయలేనని చెమటలు కక్కిన మనిషి, పెంపుడు సంగతి చెప్పాడు, డబ్బు సంగతి చెప్పాడు, అంతా అయ్యాక ఇప్పుడు ఆ అబద్ధానికే సంతకం పెడతానంటున్నాడు. ఆమె తెలివైన పిల్ల. ఏ చుక్కలో రోగం దాగిందో వెతికి పట్టుకోవడమే ఆమె ఉద్యోగం.

"బాపూ, ఆ ఫైల్ల ఇంకేమున్నది?"

జలంధర్ పెదవులు కదిలాయి. ఏమీ లేదు బిడ్డా అనడానికి నోరు సిద్ధంగానే ఉంది. మెడలో మాల బరువుగా ఉంది. పెన్ను మీది చేయి తీసేశాడు.

పుష్ప లేచింది. బల్ల మీది కాగితం తీసుకుని, తన సంతకం ఉన్న చోటు ఒకసారి చూసుకుని, నిలువుగా ఒకసారి అడ్డంగా ఒకసారి చించి, ముక్కలు మజ్జిగ గ్లాసు పక్కన పెట్టింది.

"ఆదివారం దాక ఎందుకు సార్? తాళం మీ దగ్గరనే ఉన్నదన్నరు గదా. ఇప్పుడే పోదాం."

"ఇవాళ శుక్రవారం కదమ్మా..."

"ఆ గది మీ కంపెనీదే గదా సార్, శుక్రవారమైతేంది? పన్ను ముచ్చట తర్వాత. మా నాయిన యాడ పోయిండో ఆ జాగ నాకు సూపించండి. ఆ ఫైలు నేనే తీస్త."

మా నాయిన అంది. ఆ మాట ఇప్పుడు చిరంజీవిది. ఇవ్వాల్సింది ఇచ్చేశావు కదా, ఇంకేం ఏడుపు అని జలంధర్ తనను తాను కసురుకున్నాడు.

కృష్ణప్రసాద్ గారు భార్య వైపు చూశారు. భానుమతి గోడకున్న తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టింది. బయట ఎండ ఇంకా తగ్గలేదు. కారు దాకా నాలుగడుగుల రాతి పలకలు కాలుతున్నాయి. జలంధర్ చురుక్కుమంటున్న కాళ్ళను ఎత్తి ఎత్తి వేయకుండా, నిండుగా ఆనించి నడిచాడు.

పుష్ప వెనక తలుపు తీసి పట్టుకుంది. వచ్చినప్పటి నుంచి ప్రతి మాట వెనకా బాపూ అన్న పిల్ల, అతను దగ్గరకొచ్చే దాకా ఆగి, "ఎక్కు," అంది. అంతకు మించి ఏమీ అనలేదు.

అతను ఎక్కాడు. ఆమె అవతలి తలుపు నుంచి వచ్చి అతని పక్కనే కూర్చుని, అద్దం దించి, పడమటి వైపు చూసింది. దుఖాన్ గంట దారి. ఫైలులో తన చేతిరాత ఆమె కంటపడేలోపు జలంధర్ నోరు తెరవడానికి ఉన్న టైము అంతే, కృష్ణప్రసాద్ గారు నడుపుతున్న కారు అప్పటికే గేటు దాటింది.